ఆయుధపూజకి మారుద్దాంలే

చిత్తూరులో మునికృష్ణలు సందుకొకడు ఉండొచ్చు గానీ, క్లచ్చి లేని బండి మునికృష్ణ మాత్రం ఒక్కడే. తొంభైల్లో గాంధీ బొమ్మ కాడ నిలబడి ఆ పేరు చెప్తే టీ అంగడాయన కూడా దారి చూపించేవాడు. ఆ బండి అట్లాంటిది మరి. చూసేదానికి బస్సు మాదిరి ఉంటుంది గానీ బస్సు కాదు. లోపల రెండు పక్కలా పడకలు, మూలన గ్యాసు పొయ్యి, నీళ్ళ తొట్టి, చిన్న తలుపు వెనక ఆఖరికి కక్కూసు కూడా. చక్రాల మీద కట్టిన ఇల్లు అది. దాన్ని తోలేదానికి ఎడమ కాలితో పనే లేదు, గేర్లు దానంతట అదే మార్చుకుంటుంది.

పల్లెల్లో కండ్ల జబ్బులు చూసేదానికని ఫారిన్ వాళ్ళ సంస్థ ఒకటి దాన్ని ఓడలో మద్రాసుకు తెప్పించి, ఆణ్ణుంచి చిత్తూరుకు తోలుకొచ్చింది. డ్రైవరు కావాలన్నారు. అప్పటికి మునికృష్ణ మామిడికాయల లారీ తోలతా ఉన్నాడు. మొదటి రోజు సీట్లో కూర్చోని ఎడమ కాలితో క్లచ్చి కోసం తడుముకుంటా ఉంటే, పక్కన కూర్చున్న దొర పొట్ట పట్టుకోని నవ్వినాడంట. వారం తిరక్కముందే ఆ బండి మునికృష్ణ చెప్పినట్టు వినింది. దాని తర్వాత లారీ ఎక్కమంటే ఆయప్ప ముఖం చిట్లించేవాడు.

దొర పేరు ఎవురికీ నోరు తిరగదు గనక అందరికీ దొరే. దేశం వదిలి పోయేముందు ఆయన మునికృష్ణను బండి కిందికి దూర్చి మరీ చూపించినాడు. ఇంజనుకు ఒక నూనె, గేరుపెట్టెకు ఇంకొక నూనె. ఈ రెండోది ఎర్రగా ఉంటుంది, వక్కాకు నమిలి ఊసినట్టు. పెట్టె అడుగున తట్ట మాదిరి మూత ఉంటుంది, అది విప్పితే లోపల ఫిల్టరు. రెండు మూడేండ్లకు ఒకసారి రెండూ మార్చు, రంగు నల్లబడితే ఇంకా ముందే మార్చు, మాడు వాసన వచ్చిందంటే ఆ రోజే మార్చు అని వచ్చీరాని తెలుగులో చెప్పి, ఒక డబ్బా నూనె, ఒక కొత్త ఫిల్టరు చేతికిచ్చినాడు. మునికృష్ణ తల ఊపినాడు. తల ఊపేదానికి ఏం పోయింది, అందరం ఊపుతాం.

సంస్థ మూతబడింది. బండిని మళ్ళీ ఓడెక్కించేకంటే ఇదే మేలనుకున్నారేమో, పోతా పోతా దాన్ని మునికృష్ణకే రాసిచ్చినారు. అప్పుడు చూడాల తిరుమలమ్మ ముఖం. తిరుమలమ్మ ఆయన పెండ్లాం. పిల్లాజెల్లా లేరు. గ్రీమ్స్‌పేటలో బాడుగింట్లో, గోడకు మేకు కొట్టాలన్నా ఇంటామెను అడగాల్సిన బతుకు ఆయమ్మది. బండి ఎక్కి, పొయ్యి ముట్టించి చూసి, పడక మీద కూర్చోని చూసి, కిటికీ తెరిచి మూసి, "ఇంక బాడుగిల్లు ఎందుకయ్యా మనకు?" అనింది. వారంలో సామాన్లు బండికెక్కినాయి. యాడ బండి ఆపితే ఆడ పొద్దున్నే తలుపు ముందర నీళ్ళు చల్లి ముగ్గేసేది. పెట్రోలు బంకైనా సరే, సత్రమైనా సరే, లారీలు నిలబడే మైదానమైనా సరే. జనం నవ్వితే నవ్వనీ అనుకునేది.

బతుకుదెరువు కూడా ఆ బండే చూపించింది. ముసలోళ్ళు ఉంటారు, బస్సుల్లో కూర్చోలేరు, దేవుడి దర్శనం మీద మాత్రం ఆశ చావదు. అట్లాంటోళ్ళను పడుకోబెట్టుకోని కాళహస్తి, కాణిపాకం, తిరుత్తణి, అరుణాచలం, ఓపికుంటే రామేశ్వరం దాకా తిప్పుకొచ్చేవాడు మునికృష్ణ. వంట తిరుమలమ్మది. ఆయమ్మ సంగటి, చింతాకు పప్పు తిన్న ముసలమ్మలు, దేవుడి కంటే ముందు ఆయమ్మకే దండం పెట్టేవాళ్ళు. అట్ల ఏడేండ్లు నడిచింది. ఆ బండి పోతే వాళ్ళకు ఇల్లు పోతుంది, బువ్వా పోతుంది. ఈ సంగతి ఇద్దరికీ తెలుసు. తెలిసి కూడా మునికృష్ణ చేసిన పని చూస్తే కడుపు మండుతుంది.

దొర ఇచ్చిన నూనె, ఫిల్టరు మొదట్లోనే ఒకసారి మార్చినాడు. దాని తర్వాత మళ్ళీ ముట్టలేదు. ఏమంటే, మురకంబట్టు కాడ షెడ్డు పెట్టుకున్న ఓబయ్య మాట ఆయప్పకు వేదం. ఓబయ్య లెక్క ఏందంటే, ఇంజను నూనె ఏటేటా ఆయుధపూజకు మార్చాల, గేరు నూనె అరుపొచ్చేదాకా ముట్టకూడదు. చిత్తూరులో లారీలోళ్ళు, బస్సులోళ్ళు, ట్రాక్టర్లోళ్ళు, అందరిదీ అదే లెక్క. పూజకు ముందు వారం ఓబయ్య షెడ్డు ముందర పెండ్లి మాదిరి బండ్లు బారుగా నిలబడతాయి. కొత్త నూనెతో, కడిగిన ఒంటితో అమ్మవారి ముందర నిలబెట్టాల కదా. ఆ లెక్కలో లారీలు బాగానే నడిచినాయి. కానీ ఇది లారీ కాదే. ఆ ముక్క చెప్పేవాడు దేశం వదిలి పోయినాడు.

రెండువేల ఒకటో సంవత్సరం, ఆడి నెల, అంటే అరవోళ్ళ ఆషాఢం. ఐరాల నుంచి చెంగయ్య అనే రైతు ఆడికృత్తికకు తిరుత్తణి సుబ్రమణ్యస్వామి కాడికి పోవాలని బండి మాట్లాడుకున్నాడు. ఆయన తల్లికి కావడి మొక్కు. ముసలామెను పడుకోబెట్టి, కావడిని కిటికీకి కట్టి, ఇంటిల్లిపాదీ ఎక్కినారు. ఎండ మాడ్చేస్తా ఉంది. తిరుత్తణి ఊరు దాటి గుడి కొండ ఎక్కతా ఉంటే సగంలో ఇంజను గట్టిగా అరిచింది. అరిచిందే గానీ బండి ముందుకు పోలేదు. మునికృష్ణ ఇంకా తొక్కినాడు. అరుపు పెరిగింది, బండి మాత్రం ఆణ్ణే ఉండాది. వెనక కార్లోళ్ళు హారన్లు కొట్టతా ఉన్నారు. చక్రాల కింద రాళ్ళు పెట్టించి, ఇంజను ఆపి, ఒక గంట అట్లే ఉన్నారు. చల్లబడినాక మళ్ళీ కదిలింది, ఏమీ జరగనట్టు.

ఆ గంటలో మునికృష్ణ గేరు నూనె కొలిచే కమ్మీ బయటికి లాగి చూసినాడు. వక్కాకు రంగు యాడికో పోయింది. కాఫీ డికాషన్ మాదిరి నల్లగా ఉండాది. తిరుమలమ్మ పొయ్యి కాణ్ణుంచి వచ్చి ఆ కమ్మీని ముక్కు దగ్గర పెట్టుకుంది.

"మాడిపోయిందయ్యా ఇది. దొర ఏం సెప్పినాడు? మాడు వాసనొస్తే ఆ రోజే మార్చమన్లేదా?"

"సెప్పినాడు."

"మరింకేం? చిత్తూరుకు పోతానే మార్చెయ్. మాడిన నూనెలో ఇంకో వాయి వడలు ఏస్తామా?"

"వడల యవ్వారం కాదే ఇది," అన్నాడు మునికృష్ణ. కానీ లోపల బెదిరిపోయినాడు. చిత్తూరు చేరతానే నేరుగా ఓబయ్య షెడ్డుకు పోయినాడు.

ఓబయ్య కమ్మీ చూసినాడు, వేలితో నూనె రుద్దినాడు, ఆ వేలు ప్యాంటుకు తుడుచుకున్నాడు. "ముట్టొద్దప్పా," అన్నాడు. "లోపల ప్లేట్లు అరిగిపోయుండాయి. ఆ అరిగిన పొడంతా ఈ నూనెలోనే కలిసుండాది. ఆ మడ్డే ఇప్పుడు ప్లేట్లను పట్టుకోని బండిని నడిపిస్తా ఉండాది. ఇది తీసి కొత్తది పోసినావనుకో, జారిపోతాయి. ముసలోడికి ఉన్నట్టుండి తలంటి పోస్తే ఏమైతాది? జలుబు సేసి పోతాడు."

మద్రాసులో ఫారిన్ బండ్లు చూసే మెకానిక్కు ఒకడున్నాడని ఎవురో చెప్తే, మునికృష్ణ ఎస్టీడీ బూతులో నిలబడి ఆయనకు ఫోన్ కొట్టినాడు. ఆయన సగం తమిళం, సగం తెలుగు. "ఇన్నిక్కే, ఈ రోజే మార్చెయ్యి. ఫిల్టరు కూడా పుదుసు, కొత్తది వెయ్యి. దానికి ప్రాణం ఉంటే బతుకుతుంది, లేకపోతే ఎప్పుడైనా పోయేదే. వెయిట్ చేస్తే మాత్రం గ్యారంటీగా పోతుంది," అని పెట్టేసినాడు.

ఇట్లుంటుంది చూడండి మనుషుల గతి. మారిస్తే చస్తుందని ఒకడు, మార్చకుంటే చస్తుందని ఇంకొకడు. అడకత్తెరలో పోకచెక్క అయిపోయినాడు మునికృష్ణ. ఆ రెండు మాటల్లో ఏదో ఒకటి పట్టుకోని ఉంటే, చెడినా ఒక దారిన చెడేవాడు. ఆయప్ప రెండూ వదిలేసి మూడోది పట్టుకున్నాడు.

"ఆయుధపూజకి మారుద్దాంలే," అన్నాడు ఆ సాయంత్రం తిరుమలమ్మతో.

ఆయమ్మ సంగటి కెలుకుతా ఉన్నది ఆపింది. "ఆయుధపూజ యాడ, ఆడి నెల యాడ? మధ్యలో కాణిపాకం తిరునాళ్ళుండాది, వెంకటేశ్వరసామి పెరటాసి శనివారాలుండాయి. మనకు పనంతా ఇప్పుడే గదయ్యా. అన్నిటికీ ఈ మాడిన నూనెతోనే పోతావా?"

"ఆడి నెల్లో ఎవురైనా మంచి పనికి చెయ్యి పెడతారా? పూజనాడు అమ్మవారి ముందర సేసిన పని చెడిపోదు. ఇంజను నూనె కూడా ఎట్లాగూ అప్పుడే మారుస్తాం."

"పుండు పడింటే మందుకు కూడా మంచి రోజు సూస్తావా?"

"మెకానిక్కులకే తెలీనిది నీకేం తెలుసే? నోరు మూసుకోని బువ్వ పెట్టు."

తిరుమలమ్మ పెట్టింది. ఆ మాట కూడా ఆమె మింగేసింది. అసలు సంగతేందంటే మునికృష్ణకు అమ్మవారి మీద అంత భక్తేమీ లేదు. తన చేత్తో బండిని చంపుతానేమో అని భయం. పంచాంగం మీద పెట్టేస్తే పాపం తన నెత్తిన ఉండదు. భయపడినోడికి వాయిదా అంత తియ్యనిది ఇంకోటి లేదు.

దానికి తోడు బండి కూడా ఆయప్పను మోసం చేసింది. కాణిపాకం తిరునాళ్ళకు బాగానే తిరిగింది. పెరటాసి రెండో శనివారం చెంగయ్య మళ్ళీ వచ్చినాడు, ఈసారి తిరుమల. కొండకు కింద మునికృష్ణ బండి ఆపి, దిగి, చక్రానికి దండం పెట్టుకున్నాడు. ఘాట్ రోడ్డులో మెల్లగా, నిలబడి నిలబడి, వెనకోళ్ళ తిట్లు తింటా ఎక్కించినాడు. ఒక మలుపులో ఇంజను అరిచి బండి వెనక్కి జరిగితే, లోపల జనం గోవిందలు పెట్టినారు. కానీ ఎక్కింది. పైన మెట్టు మీద కాలు పెట్టగానే చెంగయ్య తల్లి మునికృష్ణ తల మీద చెయ్యి పెట్టి దీవించింది. "సూసినావా?" అన్నాడు మునికృష్ణ తిరుమలమ్మతో. కొండ దిగేటప్పుడు ఆమె కిటికీ తెరుచుకోని కూర్చుంది, మాడు వాసన తట్టుకోలేక.

ఆయుధపూజ రానే వచ్చింది. పొద్దున్నే ఓబయ్య షెడ్డులో బండిని గుంత మీద నిలబెట్టినారు. ఓబయ్యకు ఇష్టం లేదు, "నా మాట వినప్పా" అని ఇంకోసారి చెప్పినాడు. మునికృష్ణ తలుపు కాడ నిలబడున్న తిరుమలమ్మను చూసి, "విప్పు" అన్నాడు. తట్ట మాదిరి మూత దింపితే అడుగున కాటుక మాదిరి నల్లటి మడ్డి వేలి మందాన పేరుకోనుంది. ఫిల్టరు పూడుకోని పోయుండాది. కొత్త ఫిల్టరు చిత్తూరులో యాడ దొరుకుతుంది? మద్రాసుకు చెప్పి తెప్పించుకోవాలంటే పూజ దాటిపోతుంది. ముహూర్తం పెట్టుకున్నది నూనెకు కదా, మద్రాసాయన చెప్పినా ఫిల్టరు సంగతి ఎవురికీ గుర్తుకు రాలేదు. ఓబయ్య ఆ పాతదాన్నే పెట్రోల్లో నానబెట్టి, గాలి కొట్టి, "కొత్తది మాదిరి అయిపోయింది" అని బిగించినాడు. లారీ గాలి ఫిల్టర్లకు, నూనె ఫిల్టర్లకు ఆయన చేతిలో జరిగే మర్యాద అదే. ఆఖరికి ఎర్రటి కొత్త నూనె పోసినారు.

బండిని కడిగి, గంధం కుంకుమ పెట్టి, ముందర రెండు పక్కలా అరటి పిలకలు కట్టినారు. బొరుగులు, శనగపప్పు, బెల్లం పంచినారు. తిరుమలమ్మ కొత్త చీర కట్టుకోని హారతిచ్చింది. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి, గుమ్మడికాయ దిష్టి తీసి కొట్టినారు. మునికృష్ణ ఎక్కి గేరు వేసినాడు. నిమ్మకాయలు పచక్కుమని నలిగినాయి. బండి మెత్తగా, వెన్నలో కత్తి దిగినట్టు రోడ్డెక్కింది. అంత మెత్తగా అది నడిచి ఏండ్లయింది. మునికృష్ణకు కండ్లల్లో నీళ్ళు తిరిగినాయి. తిరుమలమ్మ కూడా పక్క సీట్లో కూర్చోని నవ్వింది. పలమనేరు రోడ్డులో చిన్న మిట్ట వస్తుంది. మిట్ట అనేదానికి కూడా లేదు, సైకిలోళ్ళు దిగకుండా ఎక్కేస్తారు. ఆడ ఇంజను అరిచింది. బండి నిలబడింది. తొక్కినాడు. ఇంకా తొక్కినాడు. మెల్లగా అది వెనక్కి జారింది.

చల్లబడితే కదులుతుందని పొద్దు వాలేదాకా చూసినారు. కదల్లేదు. పూజకు మెరిసిపోతా ఉన్న లారీలు, ట్రాక్టర్లు పక్కనే పోతా ఉన్నాయి. అరటాకులు కట్టిన బండి రోడ్డు వారన నిలబడిపోయింది. ఓబయ్య వచ్చి చూసి, "ముట్టొద్దని నేను సెప్పలేదాప్పా?" అన్నాడు. తిరుమలమ్మ, "ఆడి నెల్లోనే మార్చమని నేను సెప్పలేదా?" అనలేదు. అనింటే బాగుండేది. ఒక తిట్టు తిట్టింటే మునికృష్ణకు తేలికయ్యేది. ఆమె అరటాకులు విప్పి, మడిచి, లోపల పెట్టుకుంది.

ట్రాక్టరుతో లాగి షెడ్డు పక్కన ఖాళీ జాగాలో పెట్టినారు. మద్రాసు మెకానిక్కు ఒకసారి వచ్చి, గేరుపెట్టె విప్పించి చూసి, ఇది ఈ దేశంలో దొరకదు అన్నాడు. ముందే మార్చింటే బతికేదా అని మునికృష్ణ అడిగినాడు. "బతికుండొచ్చు," అన్నాడాయన. మార్చకుండా ఉండింటే? "ఇంకొన్నాళ్ళు నడిచుండొచ్చు." ఆ రెండు మాటలు మధ్యలో పెట్టి ఆయన బస్సెక్కి పోయినాడు. ఓబయ్య లారీ గేరుపెట్టె ఒకటి తెచ్చి కుదిర్చేదానికి తంటాలు పడినాడు, అదీ కుదర్లేదు. దింపుడుకళ్ళం ఆశ అంటారే, అట్ల ప్రతి నెలా ఎవురో ఒకరు ఏదో ఒకటి చెప్పేవాళ్ళు, మునికృష్ణ పరిగెత్తేవాడు. కదలని బండిలోనే మూడేండ్లు కాపురం చేసినారు. వానాకాలం పైకప్పు కారేది. యాత్రలకు రమ్మని వచ్చే ముసలోళ్ళు బండి చుట్టూ ఒకసారి తిరిగి చూసి, మెల్లగా పోయేవాళ్ళు. తిరుమలమ్మ అంత వంట చేసే చేతులతో ఇద్దరికే వండలేక ఇబ్బంది పడేది.

రోడ్డు వెడల్పు చేస్తామని గుర్తులు పెట్టినారు, ఆ జాగా రోడ్డులోకి పోయింది. బండిని ఇంకో చోటికి మార్చాలంటే ఆ చోటు ఉండాల కదా. పాత ఇనుమోడు వచ్చినాడు. లాగే ట్రాక్టరుకు కట్టినాక స్టీరింగు పట్టుకునేదానికి ఒక మనిషి కావాల, మునికృష్ణే ఎక్కినాడు. చూస్తే తిరుమలమ్మ లోపల పడక మీద కూర్చోనుంది, సామాన్లన్నీ అప్పటికే దింపేసినారు. "దిగు, దుమ్ము పడతాది," అన్నాడు. "మా ఇంట్లో నేను కూర్చుంటే నీకేం నొప్పి?" అనింది. ఇనుమోడి దొడ్డి దాకా ఆ ఇద్దరూ అట్లే పోయినారు. ఆయమ్మ కిటికీలోంచి చూస్తా ఉండింది. ఆయన ఎదురుగా తాడు కట్టిన ట్రాక్టరు వెనక భాగం చూస్తా ఉన్నాడు. ఆడ దిగినాక తిరుమలమ్మ మొదటిసారి ఏడ్చింది, రోడ్డు మీద, అందరూ చూస్తా ఉండంగా.

ఇంక ఇద్దరికీ ఒకే చోటు దొరకలేదు. ఆమె తమ్ముడు గురప్పది ఐరాల, ఆవుల్ని మేపుకోని బతికేవాడు. అక్కకు వసారాలో చోటిచ్చినాడు. బావకు చోటు లేదని నోటితో చెప్పలేదు, చెప్పకుండానే తెలిసింది. మునికృష్ణను ఆ వయసులో లారీ ఎక్కించుకునేవాళ్ళు లేరు. ఓబయ్య షెడ్డులో బోల్టులు కడుగుతా ఆణ్ణే ఒక మూల పడుకునేవాడు. నెలకు రెండుసార్లు బస్సెక్కి ఐరాల పోయి, వసారాలో కూర్చోని, ఆమె పెట్టిన సంగటి తిని, సాయంత్రం బస్సుకు తిరిగొచ్చేవాడు. ముప్పై ఏండ్లు ఒక పొయ్యి కాడ కూర్చున్నోళ్ళు చుట్టాలైపోయినారు. మాట్లాడుకునేదానికి వానలు, ఆవులు తప్ప ఇంకేం మిగల్లేదు.

రెండువేల ఎనిమిదిలో అనుకుంటా, ప్రతాప్ అనే కుర్రాయన, మామిడితోటల రైతు కొడుకు, క్లచ్చి లేని కొత్త కారు తోలుకోని షెడ్డుకు వచ్చినాడు. చిత్తూరులో అట్లాంటివి అప్పుడప్పుడే కనబడతా ఉన్నాయి. దీని గేరు నూనె ఎప్పుడు మార్చాల, షోరూములో ఒకటి చెప్తారు, స్నేహితులు ఇంకొకటి చెప్తారు, అన్నాడు. ఓబయ్య చేతులు తుడుచుకోని, "ఈ యవ్వారం నన్నడగొద్దప్పా. ఆ పెద్దాయన్ను అడుగు, చిత్తూరులో ఈ మాదిరి బండి మొదట తోలినోడు ఆయనే," అని మునికృష్ణను చూపించినాడు.

ప్రతాప్ దగ్గరికొచ్చి మళ్ళీ అడిగినాడు. మునికృష్ణ ఏం చెప్తాడు? దొర మాట ఉంది, ఓబయ్య మాట ఉంది, మద్రాసాయన చెప్పిన రెండు మాటలు ఉండాయి. డీజిల్ చేతుల్ని గుడ్డకు తుడుచుకున్నాడు.

"మీ ఇంట్లో ఆయమ్మ మార్చమన్న రోజు మార్చుకోప్పా."

ప్రతాప్ పగలబడి నవ్వినాడు. "ఆమెకు కార్ల సంగతి ఏం తెలుసు పెద్దాయనా?"

"నేనూ అట్లే అంటినప్పా," అన్నాడు మునికృష్ణ.